పూజలో కూర్చున్న సన్న పళ్ల బ్లేడు

మైకా అతికించిన చెక్కను కోయాలంటే సన్న పళ్ల బ్లేడే కావాలి. ఈ సంగతి నేను ఏ బడిలోనూ చదవలేదు, మా ఆయన కోసిన అంచులు నిమిరి నిమిరి తెలుసుకున్నాను. పెద్ద పళ్లది వేస్తే మైకా పెచ్చులు లేచి, అంచు ఎలుక కొరికినట్టు తయారవుతుంది. చూడ్డానికే కంపరం.

డెబ్బైల్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తుంటే మా బావ, అంటే మా ఆయన అన్న, నాగళ్లు చెక్కడం మానేసి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి కరెంటు రంపం పెట్టాడు. ఆఫీసు బల్లలు చేసేవాళ్లం. షెడ్డులో మాట బావది, చేతులు మా ఆయనవి.

ఒక ఏడాది బొల్లారం వైపు ఒక మందుల ఫ్యాక్టరీని దసరా పొద్దున తెరుస్తామన్నారు. బల్లలన్నీ పంపేశాం. నవమినాడు బావ పనిముట్లన్నీ కడిగి, పీట మీద పేర్చి, బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. పట్నం నుంచి తెచ్చిన సన్న పళ్ల బ్లేడు అన్నిటికంటే ముందు కూర్చుంది. మోటారుకు మాత్రం మర్నాడు పూజ. పీట మీద పెట్టిన ఇనుమును దసరా హారతి అయ్యేదాకా కదిలించకూడదని మావాళ్ల కట్టుబాటు. కదిలిస్తే నెత్తురు అడుగుతుందట.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ జీపు వచ్చింది. కౌంటరు పైపలక దింపుతుంటే విరిగిందట, సాయంత్రానికల్లా ఇంకోటి కావాలన్నారు. బావ సరే అనేశాడు.

"సన్నది తియ్యనా అన్నా?" అన్నాడు మా ఆయన.

"పాగల్ అయినవారా? పూజల ఉన్నదాన్ని ముడితే ఊకుంటదా? గోడకున్నది ఎక్కియ్యి."

గోడకున్నది దూలాలు చీల్చే పెద్ద పళ్ల బ్లేడు. పళ్లరిగిందని పూజలో కూడా పెట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

"దానితోని మైకా ఎట్ల తెగుతది బావా? దండం పెట్టుకొని సన్నదే తీస్కుందం. పాపమంటే నాకంటనియ్యి."

"నువ్వు జెర ఊకో పిల్లా. ఇంట్ల నెత్తురు సూస్తవా?"

మా ఆయన నావైపు చూడనే లేదు. పెచ్చులు లేవకుండా గీత వెంట కాగితం పట్టీ అతికించి, మోటారు వేశాడు. సన్న బ్లేడయితే తుమ్మెదలా పాడేది. ఇది గొణిగింది. కాసేపటికి కమురు వాసన మొదలైంది. మైకా ముక్కలు ఎగిరొచ్చి నా కాళ్ల మీద పడుతున్నాయి.

"ఆపయ్యా, నీకు దండం పెడత!"

"ఇగ జానెడే," అంటూ అంచు ఎలా వస్తోందో చూడ్డానికి వంగి, అరచేత్తో గట్టిగా తోశాడు. పలక ఒక్కసారిగా పైకి లేచింది. ఆ చెయ్యి ముందుకు పడింది. గొణుగుడు ఆగి, రంపం మెత్తగా మోగింది. ఆ మోత ఈనాటికీ నా చెవుల్లోంచి పోలేదు.

కుడిచేతి బొటనవేలు, పక్కవేలు పోయాయి. బావ తువ్వాలు చుట్టి, అదే జీపులో సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా ఏడుస్తూ ఒకటే మాట: "కదిలియ్యనే లేదు గదరా... కదిలియ్యనే లేదు గద!"

మరుసటేడు నవమికి బావ ఆ అరిగిన బ్లేడును కడిగి పీట మీద అన్నిటికంటే ముందు పెట్టాడు. "దీన్ని పూజకు పిలువకపోతిమి. అందుకే పగబట్టింది," అన్నాడు. మా ఆయన ఎడమచేత్తో దానికి బొట్టు పెట్టాడు. పెట్టి, "ఇగ దీన్ని గూడ వాడుకోవచ్చా అన్నా?" అని అడిగాడు.

అయ్యో, ఆ ఒక్క చెయ్యీ మిగలదు! అనుకున్నాను. హారతి కోసం ఆగలేదు. బొట్టుతో సహా ఆ బ్లేడును పీట మీంచి తీసి, షెడ్డు వెనక పాడుబడ్డ బావి దాకా నడిచాను. వెనక నుంచి బావ అరుస్తూనే ఉన్నాడు.

"ఇగ నెత్తురు కావాల్నంటే నన్నడగమను," అని బావిలో పడేశాను.