చేతులు లెక్కపెట్టే మేస్త్రి

ముందే చెప్తున్నాను, నా నోట్లో పడ్డ చీమ ఏనుగై బయటికొస్తుంది.

తొంభైల్లో గుడివాడ రైసు మిల్లులో నేను గుమాస్తాని. అక్కడి మేస్త్రి మోటారు వేసే ముందు బందరు దాకా వినపడేలా "చేతులు పైకి!" అని అరిచేవాడు. అందరి చేతులూ లెక్క చూసుకున్నాకే స్విచ్చి వేసేవాడు.

"ఇది మిల్లా, పోలీస్ స్టేషనా మేస్త్రీ?" అని యజమాని నవ్వేవారు.

"బెల్టుకి జాలీ బిగించండి, నోరు మూసుకుంటానండీ."

బెల్టుకి అడ్డుగా ఉండాల్సిన ఆ ఇనపజాలీ గోడౌన్లో పడుండేది. కొత్తల్లుడికి వెండికంచం తీసినట్టు, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజునే దాన్ని బయటికి తీసేవారు.

ఒకరోజు మేస్త్రి బెల్టు పక్కన తవుడు ఊడుస్తున్నాడు. లారీకి ఆలస్యమవుతోందని యజమాని తానే స్విచ్చి వేశారు. మేస్త్రి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

యజమాని బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లారు. "నీ టైం బాగాలేదు మేస్త్రీ."

"టైం కాదండీ, జాలీ లేదండీ."

యజమాని సిగ్గుతో తల దించుకున్నారు.

మర్నాడు జాలీ ఉండాల్సిన చోట నలుగురు మోసేంత దిష్టి గుమ్మడికాయ వేలాడింది. కొనుక్కొచ్చింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కేకనీ గుమ్మడికాయనీ కాస్త పెంచాను. పూర్తిగా కల్పించింది మాత్రం ఒక్కటే, యజమాని తల దించుకోవడం.