రెండు స్పెల్లింగుల డిక్సన్

కోవిడ్‌కు ముందు సంవత్సరం నేను కార్క్ కౌంటీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు విభాగం కన్సల్టెంటుగా ఉన్నాను. గుంటూరులో చదివి ఐర్లండు వచ్చిన నాకు అదే చివరి పోస్టింగు. కన్సల్టెంటు అంటే ఆపరేషన్ గదిలో మత్తుకు సంబంధించి చివరి మాట అతనిదే. ప్రాణం మీదికొస్తే జవాబు చెప్పుకోవలసిందీ అతనే.

ఆ మధ్యాహ్నం అలన్ డిక్సన్ అనే రైతును అపెండిక్స్ ఆపరేషనుకు తెచ్చారు. నలభై దాటని దృఢమైన మనిషి. మత్తుకు ముందు తప్పనిసరిగా అడిగే ప్రశ్న అడిగాను: మీ కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు పడలేదా? అలాంటిదేమీ లేదన్నాడు.

కండరాలు వదులవడానికి సూదిమందు, దానితోపాటు మత్తు వాయువు ఇచ్చాం. గొంతులోకి గొట్టం వేయబోయిన నా దగ్గర శిక్షణలో ఉన్న రిజిస్ట్రార్ డాక్టరు స్వప్న ఆగిపోయింది. ఆమెది కరీంనగర్. కంగారు పుడితే ఇంగ్లీషు వదిలి తెలుగులోకి వచ్చేసేది.

"సర్, దవడ బిగుసుకపోయింది. నోరు తెరుస్తలేదు."

మానిటరు మీద కార్బన్ డయాక్సైడ్ అంకె ఎక్కుతోంది. గుండె పరుగెడుతోంది. చెయ్యి పట్టుకుంటే కర్రలా ఉంది, వేడెక్కుతోంది. కొందరి కండరాలు ఈ మందులు తగలగానే లోపలినుంచి కాలిపోవడం మొదలుపెడతాయి. అది వంశంలో దిగే లక్షణం. దాని గురించి పాఠాలు చెప్పాను గానీ కళ్ళతో చూడలేదు. వాయువు ఆపించి విరుగుడు తెప్పించాను. అది పొడి మందు, నీళ్ళలో ఓ పట్టాన కరగదు. సర్జన్‌తో సహా అందరూ తలో సీసా పట్టుకుని ఊపారు.

అలన్ బతికాడు. కానీ పని అక్కడితో అయిపోదు. అతని రక్తసంబంధీకులందరికీ హెచ్చరిక చేరాలి. అలన్ భార్యను అడిగితే, ఆ ఇంటిపేరు వాళ్ళు ఇంకెవరూ లేరంది. మర్నాడు ఉదయం ఐసీయూ బయట అతని మేనత్త మార్గరెట్ కనిపించింది. రిటైరైన స్కూల్ టీచర్. అలన్‌కు జరిగింది చెప్పి ఆమెనూ అదే అడిగాను.

"ఎక్స్‌తో రాసుకునేవాళ్ళా, సి-కె-ఎస్‌తోనా?" అంది.

నాకర్థం కాలేదు. తెలుగులో ఎలా రాసినా డిక్సనే. ఆమె పిల్లలకు చెప్పినట్టు విడమరిచింది. పూర్వం ఇంగ్లండులో రిచర్డులు కొల్లలు. రిచర్డును ముద్దుగా రిక్ అనేవారు, దానికి ప్రాసగా డిక్ అనేవారు. డిక్ కొడుకు డిక్‌సన్. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళనుంచి వస్తే, అది తండ్రి పేరునుంచి వచ్చింది. రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా రాశాడు కాబట్టి స్పెల్లింగులు చీలిపోయాయి. వలస వచ్చినవాళ్ళతో ఆ పేరు ఐర్లండు చేరింది.

"మా నాన్న ఎక్స్‌తో రాసేవాడు. ఆయన పోయాక నా తమ్ముళ్ళిద్దరూ పొలం కోసం కొట్లాడుకున్నారు. చిన్నవాడు విడిపోయి, మా ముత్తాతల నాటి సి-కె-ఎస్ స్పెల్లింగు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఈ ఇంట్లో వాళ్ళ ఊసే లేదు. నేను మాత్రం వాళ్ళకు ఫోన్లు మానలేదు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"డబ్లిన్ పక్కన, క్లోనీ దగ్గర. వాడి మనవరాలికి ఈ ఉదయమే డబ్లిన్‌లో టాన్సిల్స్ తీస్తున్నారు. పాపకేం కాదుగా, డాక్టర్?"

ఆసుపత్రి పేరూ పాప పేరూ అడిగి ఫోను దగ్గరికి పరుగెత్తాను. చిన్నపిల్లలను చాలాసార్లు వాయువుతోనే నిద్రపుచ్చుతారు. డబ్లిన్ ఆసుపత్రి స్విచ్‌బోర్డు సంగీతం వినిపిస్తూనే ఉంది. పక్కన స్వప్న "ఎత్తుండ్రి, ఎత్తుండ్రి" అని గొణుగుతోంది. చివరికి థియేటర్ నర్సు ఎత్తి, పాప టేబుల్ మీద ఉందని చెప్పింది.

"గ్యాస్ ఇవ్వొద్దని చెప్పండి! ఇప్పుడే!"

ఆమె రిసీవరు పక్కన పెట్టి వెళ్ళింది. అంతలో అటునుంచి ఒక పిల్ల గుక్కపట్టి ఏడవడం వినిపించింది. ఏడుస్తోందంటే మెలకువగా ఉంది.

నర్సు తిరిగొచ్చింది. "మాస్క్ పెట్టబోతుంటే ఆపాం, డాక్టర్. పాప గ్రాండ్." ఐర్లండులో ఆ మాటకు బాగానే ఉందని అర్థం.

తర్వాతి పరీక్షల్లో పాపకూ, ఆమె తండ్రికీ ఆ లక్షణం ఉందని తేలింది. టాన్సిల్స్ మరో రోజు, వేరే మందులతో తీశారు. రెండు ఇళ్ళూ కలిశాయని మాత్రం నేను వినలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా "మీ కుటుంబంలో" అని అడగడంతో సరిపెట్టుకోలేదు. మీ తాత సంతానం ఎవరు, వాళ్ళ పిల్లలెవరు, వాళ్ళలో మీతో మాటల్లేనివాళ్ళెవరు అని అడిగేవాణ్ణి. చివరి ప్రశ్నకు జవాబివ్వడానికే రోగులు ఎక్కువసేపు తీసుకునేవారు. నేను ఆగేవాణ్ణి.