పళ్ళేన్ని పట్టుకున్న చెయ్యి

2010. ఏక్‌బాల్‌పూర్‌లో, పరాయి రాష్ట్రపు ఓడరేవు పక్కన, రేవు కూలీలు ఎక్కువగా వచ్చే ఒక చిన్న క్లినిక్‌లో నేను డైటీషియన్‌ని. ఎవరేం తినాలో చెప్పే ఉద్యోగం. ఇరుకు గది, రోగికి ఒక్కటే కుర్చీ, కిటికీ అవతల ఓడల కూతలు. అక్కడి మధ్యాహ్నాలు సగం నిద్రలో ఉన్నట్టే గడిచేవి.

సింహాచలంగారిది శ్రీకాకుళం వైపు. షుగర్ ముదిరి చూపు మసకబారుతోంది. తిన్నది రాసుకురమ్మంటే, "నాకు రాతెక్కడిదమ్మా?" అన్నారు. అప్పుడప్పుడే కెమెరా ఫోన్లు చౌకగా దొరుకుతున్నాయి. పూటపూటా పళ్ళేన్ని ఫొటో తీసి తెమ్మన్నాను. అవి చూసి కొలతలు కొడితే కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ కేలరీలు, అంటే తిండిలోని శక్తి, లెక్కకట్టేది. ఆ సాఫ్ట్‌వేరంటే నాకు మహా మురిపెం.

ఫొటోలు తీసేది ఆయన భార్య నరసమ్మ. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో పళ్ళేన్ని వెలుగులోకి వంచి తీసేది. క్లినిక్‌కొస్తే మాత్రం ఆవిడ ఆయన గొడుగు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడేది.

ఆ ఫొటోలు చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయేదాన్ని. పొగలు కక్కే అన్నం, తోటకూర, చేపముక్క, నేల మీద కిటికీ ఊచల నీడ. విశాఖలో మా అమ్మ వంటింట్లో కూర్చున్నట్టుండేది. వారం వారం అన్నం తగ్గింది. ఆరు వారాలకు ఆయన షుగరూ దిగింది. నేను గాల్లో తేలిపోయాను.

ఆయనకు చూపించి మెచ్చుకుందామని ఆ రోజు ఫొటోలన్నీ వరసగా తిప్పాను. అన్నం కుప్ప కరుగుతూ పోతోంది. మూలన ఒక్కటి మాత్రం కరగలేదు. నరసమ్మ చూపుడువేలికి గుడ్డపేలిక. మొదటి వారంలో ఉంది, ఆరో వారంలోనూ ఉంది. గుడ్డ రంగు మారిందంతే.

"వేలికేమైందమ్మా?" గుమ్మం వైపు తిరిగి అడిగాను.

"కత్తిపీట గీసింది. మానిపోద్దిలెండి."

ఆరు వారాలైనా మానని గాయమంటే ఆవిడకీ షుగరుందేమో. "మీరేం తింటున్నారు?"

"ఈయన ఒగ్గేసిందే గదమ్మా," అంది సిగ్గుగా. "ఎప్పట్లాగే రెండు గ్లాసుల బియ్యమేత్తాను. వండిన బువ్వ పారబోత్తామేటి?"

"మానలేదని నాతో సెప్పలేదేటే?" అన్నారు సింహాచలంగారు.

"నీ కళ్ళు పోతన్నాయని నానేడుత్తంటే, నా ఏలు గొడవేటి?"

పరీక్ష చేయిస్తే ఆవిడ షుగర్ ఆయనకంటే ఎక్కువ. ఇంకో పది రోజులు ఆగుంటే వేలు తీసెయ్యాల్సొచ్చేదన్నారు డాక్టరుగారు. వేలు దక్కింది గానీ కొస వంకరపోయింది.

నా మీద నాకే అసహ్యమేసింది. ఒక్కో ఫొటో ఎన్నిసార్లు చూశానో. నేను లెక్కపెట్టింది అన్నమే. అప్పట్నుంచి ఎవరొచ్చినా, ఇంట్లో వండేవాళ్ళేం తింటున్నారని మొదట అడుగుతాను.

తర్వాతి నెల తెచ్చిన ఫొటోల్లో పక్కపక్కనే రెండు పళ్ళేలు. ఇప్పుడు ఒక్క గ్లాసు బియ్యమేనట. ఆవిడ ఎప్పట్లాగే గొడుగుతో గుమ్మం దగ్గర నిలబడింది. నేను వరండాలోంచి ఇంకో కుర్చీ లాక్కొచ్చాను.

"నరసమ్మగారూ, కూర్చోండి."

ఆవిడ ఒకసారి మొగుడివైపు చూసింది. గొడుగు ఆయన చేతికిచ్చి, కూర్చుంది.