కానుకల సంచిలో ఉండిపోయిన ఫ్లాపీ

నా తప్పులకు తగినట్టు శిక్షించక ఇన్నేళ్లు నన్ను భరించిన దేవునికే మహిమ కలుగును గాక.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆదివార పాఠశాలలో పిల్లలకూ నమ్మవద్దనే నేర్పాను. అందుకే ఈ సంగతిని ఏమనాలో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను తిరుపతిలో డీటీపీ సెంటర్ నడిపేవాణ్ణి. మా సంఘాల యువకులు రక్తదాతల జాబితా తయారుచేశారు. రేణిగుంట, తిరుచానూరు, పుత్తూరు సంఘాల్లో ఒక్కొక్కరు తమ ఊరి పేర్లను ఎక్సెల్‌లో ఎక్కించి, మార్పులు ఉంటే ఫ్లాపీలో పంపేవారు. వాటిని ఒకే మాస్టర్ ఫైల్లో కలపడం నా పని.

ఇది కూడా దేవుని పనేనని, ఉమ్మడి ఆరాధన రోజు ఫ్లాపీలను కాగితంలో చుట్టి కానుకల సంచిలోనే వేసేవారు. ప్రార్థన అయ్యాక నేను ఏరుకునేవాణ్ణి. ఆసారి రెండే దొరికాయి. పుత్తూరుది అడుగున ఉండిపోయింది. నేను గమనించేసరికి మా పాస్టర్ అయ్యగారు సంచిని బీరువాలో పెట్టి, తాళంచెవి తీసుకుని చిత్తూరు వెళ్లిపోయారు.

పుత్తూరులో ఏం మారి ఉంటుందిలే అనుకున్నాను. రెండు ఫైళ్లే కలిపి, ప్రింటు తీసి, "అన్నీ కలిపేశాను" అని అందరికీ చెప్పాను.

మర్నాడు రేణిగుంట సుధాకర్ పరుగున సెంటర్‌కు వచ్చాడు. అతని భార్యకు కాన్పు కష్టమై, రక్తం చాలా పోతోంది.

"కృపావరమన్నా, ఓ నెగటివ్ యాడా లేదంటుండారు. నీ లిస్టులో సూడన్నా. మూడూళ్లవీ కలిపినావు గదా?"

"కలిపినానప్పా" అన్నాను, అతని ముఖం చూడలేక.

టేబుల్ మీది ప్రింటులో ఓ నెగటివ్ ఒక్కరూ లేరు. కంప్యూటర్లో మాస్టర్ ఫైలు తెరిచాను. అందులో ఒక వరుస ఉంది. మస్తాన్, పుత్తూరు, ఓ నెగటివ్, ఒక సెల్ నంబరు. సెంటర్ తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

ఫోన్ చేశాను. మస్తాన్ అనే టైలర్ దొరికినదేదో ఎక్కి వచ్చేశాడు. తల్లి, మగబిడ్డ ఇద్దరూ బతికారు.

ఆసుపత్రి వరండాలో అతను మోచేతి దగ్గర దూది అదిమిపట్టుకుని నన్ను అడిగాడు: "నా నంబరు నీకెవురు సెప్పినారబ్బా? ఈ సెల్లు పొద్దన్నే కొన్నా. ఇంట్లోవాళ్లకే ఇంకా సెప్పలే."

పుత్తూరు పేర్లు ఎక్కించే శామ్యూల్‌కు ఫోన్ చేశాను. "మస్తానా? మా వీధి టైలరే. ఆయప్ప పేరు నేనెక్కియ్యలేదే! నువ్వే కలిపి నన్నడుగుతావేందన్నా?" అని నవ్వాడు.

అయ్యగారు వచ్చాక బీరువా తెరిపించాను. ఫ్లాపీ సంచి అడుగున, చుట్టిన కాగితం చుట్టినట్టే ఉంది. దానిలోనూ మస్తాన్ పేరు లేదు.

ఆ ఆదివారం సుధాకర్ నన్ను సంఘం ముందు నిలబెట్టి ఏడ్చాడు. "మా అన్న ఒక్క పేరు గూడా జారనియ్యలేదు" అన్నాడు. అందరూ స్తోత్రం చెప్పారు. నేను చేతులు జోడించి ఊరుకున్నాను. బిడ్డకు నా పేరే పెట్టుకున్నారు.

ఇప్పటికీ ఆరాధన అయ్యాక వాళ్లమ్మ "ఒరే కృపావరం" అని కేకేస్తే, వాడు పలికేలోపే నా తల వంగిపోతుంది.

ఆ వరుస ఎవరు రాశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అది దేవుని చెయ్యి అని సాక్ష్యం చెప్పాలని ఎన్నోసార్లు లేచాను. అలా చెప్పాలంటే, ముందు పుత్తూరు పేర్లు నేను కలపలేదని చెప్పాలి. లేచిన ప్రతిసారీ మళ్లీ కూర్చున్నాను.

వచ్చే ఆదివారం ఆ పిల్లవాడి బాప్తిస్మం. చదువుతున్న మీరు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఇది రాసిన వీడు దాచుకున్న ఘనత వీడిది కాదు. ఆ బిడ్డ నీళ్లలో దిగేలోపు వీడి నోరు తెరిపించు. ఆమేన్.