నాంపల్లి లేని కథలు

ఇవాళ సాయంత్రం అబిడ్స్ లైబ్రరీ నుంచి మా ఏడేళ్ల పాపతో రిక్షాలో నాంపల్లి ఇంటికి వస్తున్నాను.

"ఏ ఊరు బిడ్డా మీది?" అని రిక్షా అతను దాన్ని అడిగాడు.

"గోదావరి గట్టు. పడవెక్కి బడికెళ్తాం" అంది టక్కున.

"గట్లనా! మరి గీడికెప్పుడు వచ్చిన్రు?"

అది పుట్టిందే నాంపల్లిలో. గోదావరిని ఎన్నడూ చూడలేదు.

ఇల్లు చేరగానే, అబద్ధమెందుకు చెప్పావని కసిరాను.

"నాంపల్లి ఏ కథలోనూ లేదుగా అమ్మా! మరి అదెలా ఊరవుతుంది?"

ఏరి ఏరి మా గోదావరి వైపు కథలే తెచ్చిపెట్టింది నేనే. అప్పట్నుంచీ కుదురుగా కూర్చోలేకపోతున్నాను. నాంపల్లి ఉన్న పిల్లల కథ మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. నేనే అల్లి చెబుదామంటే, ఇన్నేళ్లయినా ఈ ఊళ్లో నాకు తెలిసింది రాజమండ్రి రైలెక్కే స్టేషనొక్కటే.