మూలకు పోయిన తాడు

ఆ వీధిలో ఆయన్ను అందరూ లెక్కల మేస్త్రీ అంటారు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, ముప్పై ఏళ్లుగా తానే చెప్పుకుని చెప్పుకుని జనానికి అలవాటు చేశాడు. రాళ్లు పరచాల్సిన గదిలో అడుగుపెట్టి, నడుముకు చుట్టుకున్న నూలు తాడు విప్పి, అటూ ఇటూ చాచి, ఇన్ని రాళ్లు పడతాయని చెప్పేస్తాడు. చెప్పాక మార్చడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. చాలాసార్లు ఆయనకు నిజంగానే మూడు కాళ్ల కుందేళ్లు దొరికాయి కాబట్టి పేరు నిలబడింది.

ఇంట్లో మాత్రం ఈ దర్జా సాగదు. ముందుగదిలో ఆయన భార్య గొడుగులు కుడుతుంది. ఊళ్లో నేలలన్నీ చదును చేసిన మహానుభావుడి ఇంట్లో ఆవిడ కుట్టుమిషన్ ఒక కాలు గుంటలో పడి ఊగుతూ ఉంటుంది. దాని కింద మడతపెట్టిన అట్టముక్క. "ఒక్క రాయి వేసిపెట్టవయ్యా" అని ఆవిడ అడగడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా మరి.

ఈసారి పని లైబ్రరీలో తగిలింది. కొత్తగా కట్టిన చదువుకునే గదికి ఎనిమిది గోడలు, అన్నీ సమానం, ఒక్కోటి ఐదడుగులు. పాత భవనం పడగొట్టినప్పుడు తీసిన నల్లరాళ్లు నూట ఇరవై ఐదు ఉన్నాయి, అడుగు పొడవు, అడుగు వెడల్పు. వాటిని లైబ్రేరియన్ పదకొండేళ్లు మెట్ల కింద దాచింది. ఆవిడ తండ్రి ఆ పాత భవనానికి కాపలాదారు. ఆయన పొద్దున్నే తుడిచిన ఆ రాళ్ల మీద బోర్లా పడుకునే ఆవిడ అక్షరాలు నేర్చుకుంది. వచ్చే నెల ఆవిడ రిటైరవుతుంది. ఈలోగా ఆ రాళ్లను మళ్లీ నేల మీద చూసుకోవాలని ఆవిడ ఆశ. లైబ్రరీ కమిటీ పెద్ద మాత్రం కచ్చితంగా చెప్పాడు. గదంతా ఒకే రకం రాయి ఉండాలి. సరిపోతే సరే, లేదంటే మెరిసే టైల్స్ వేయించి, పాతవాటిని ఎవరి పునాదిలోకో లారీలో పంపేస్తానన్నాడు.

మేస్త్రీ గది నడిమధ్య మేకు కొట్టి, తాడు కట్టి, మూలకు లాగాడు. ఆరున్నర అడుగులు. ఎనిమిది మూలలకూ అంతే.

"నడిమి నుంచి మూలలకు గీతలు గీస్తే గదంతా ఎనిమిది త్రిభుజాలండి. ఒక్కోదానికి అడుగుభాగం ఐదు, ఎత్తు ఆరున్నర. రెండూ గుణించి సగం చేసి, ఎనిమిదితో హెచ్చవేస్తే అయిపోయె" అని గాల్లో వేలితో రాసి, "నూట ముప్పై. ఐదు రాళ్లు తక్కువ" అని తేల్చేశాడు.

"ఇంకోసారి కొలవండి మేస్త్రీగారూ" అంది లైబ్రేరియన్.

"నా తాడు అబద్ధం చెప్పదమ్మా."

ఆవిడ మెట్ల దగ్గర వంగి, పైనున్న రాయి మీది దుమ్ము అరచేత్తో తుడిచింది. లారీకి శనివారం పది గంటలకు చెప్పానన్నాడు కమిటీ పెద్ద.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ ఇంట్లో గోడకు చేరబడి కూర్చున్నాడు. ఆ రాయి తుడిచిన చెయ్యి కళ్ల ముందు నుంచి పోవడం లేదు, పాపం. వానాకాలం మీద పడుతోంది, భార్యకు తల ఎత్తే తీరిక లేదు.

"ఊరికే కూర్చోకపోతే ఈ గొడుగుకు ఒక ముక్క కత్తిరించిపెట్టు. ఏడు బాగానే ఉన్నాయి, ఒకటే చిరిగింది."

"ఇదేమన్నా బ్రహ్మవిద్యా" అంటూ ఆయన లేచాడు. గొడుగు ఊచ కొలిచాడు. ఊచకూ ఊచకూ మధ్య అంచు కొలిచాడు. గుడ్డ మీద అంచు గీసి, దాని మధ్యలోంచి ఊచంత పొడవున నిలువుగీత గీసి, పక్కలు కలిపి, కత్తెర ఆడించాడు. ఆవిడ ఆ ముక్కను గొడుగు మీద పరిచి చూసింది. రెండు వేళ్ల వెడల్పున కిందికి వేలాడింది.

"ఊచ ఎక్కడికి పోతుందయ్యా?"

"మూలకు."

"నువ్వు గీత గీసింది ఎక్కడికి?"

"అంచు మధ్యకు."

"మూలకు పోయేదాని పొడుగు తెచ్చి మధ్యలో పెడితే వేలాడక ఏం చేస్తుంది? మూల ఎప్పుడూ దూరం, అంచు మధ్య దగ్గర. గొడుగులు కుట్టుకునేదాన్ని, నాకే తెలుసు. లెక్కల మేస్త్రీవి, నీకు తెలీదా?"

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. గుడ్డ పోయినందుకేమో అనుకుంది ఆవిడ.

"పోనీలే, ఇంకోటి కోస్తాను" అంది.

కానీ ఆయన అప్పటికే చెప్పులు వేసుకున్నాడు. తాపీ మరిచిపోయానని వంక పెట్టి లైబ్రరీకి వెళ్లి, అదే మేకు నుంచి తాడును ఈసారి గోడ మధ్యకు లాగాడు. ఆరడుగులు, పైన అర అంగుళం కూడా లేదు. మళ్లీ హెచ్చవేశాడు. నూట ఇరవై, ఇంకా కొసరు వేసుకున్నా నూట ఇరవై ఒకటి. రాళ్లు తక్కువ కాదు, నాలుగు ఎక్కువ. ఆయన ఆ నేల మీదే చతికిలబడ్డాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. దారంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇంటికి రాగానే జరిగిందంతా భార్యకు చెప్పి, "గోడల పూత మందంగా పడి గది కాస్త తగ్గిందని చెబితే ఎలా ఉంటుంది?" అన్నాడు.

"గది సిగ్గుపడి ముడుచుకుందని చెప్పు, ఇంకా బాగుంటుంది" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

శనివారం ఆయన వెళ్లేసరికి లారీ ముందే వచ్చింది. సగం రాళ్లు ఎక్కించేశారు. లైబ్రేరియన్ పక్కన నిలబడి, వాళ్లు ఎత్తే ఒక్కో రాయినీ చూస్తోంది.

"అయ్యా, గోడల పూత..." అని మొదలుపెట్టాడు మేస్త్రీ. ఆవిడ ఇటు తిరిగింది. ఆ ముఖం చూశాక పూత నోట్లోనే ఎండిపోయింది.

"తప్పు నాదండి" అన్నాడు. "గోడ మధ్యకు కొలవాల్సింది మూలకు కొలిచాను. రాళ్లు సరిపోతాయి. దించమనండి."

కమిటీ పెద్ద నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీ తాడు అబద్ధం చెప్పదన్నావుగా?"

"తాడు చెప్పలేదండి, నేను చెప్పాను. మా ఆవిడ దిద్దింది."

పని వారం పట్టింది. అంచు ముక్కకు అంచు ముక్క జతచేసి, ఒక్కటీ పోనివ్వకుండా పరిచాడు. ఆఖరి రోజు సామాను సర్దుకుంటూ తొంగిచూస్తే లైబ్రేరియన్ చెప్పులు బయట విడిచి ఉన్నాయి. ఆవిడ గది మధ్యలో, ఎవరూ లేరనుకుని, చిన్నపిల్లలా బోర్లా పడుకుని ఉంది. ఆయన చప్పుడు చెయ్యకుండా తలుపు చేరవేసి, ఆవిడ లేచి వచ్చేదాకా బయటే కాపలా ఉన్నాడు.

మిగిలిన రాళ్లలో ఒకటి ఆవిడే ఆయన చేతిలో పెట్టింది. ఆ సాయంత్రం కుట్టుమిషన్ కింద అట్టముక్క పోయి నల్లరాయి వచ్చింది. భార్య తొక్కి చూసింది. మిషన్ కదల్లేదు.

"తొమ్మిదేళ్లు పట్టింది" అంది.

"కొలవొద్దూ?" అన్నాడాయన.

ఇప్పటికీ ఆయన్ను లెక్కల మేస్త్రీ అనే అంటారు. గదిలో అడుగుపెడతాడు, తాడు విప్పుతాడు, అటూ ఇటూ చాస్తాడు. ఎన్ని రాళ్లు పడతాయని అడిగితే మాత్రం, "రేపు చెబుతానండి, ఇంట్లో ఒకసారి అడగాలి" అంటాడు.