చెట్టు మీద ఉన్నవాడి పేరు

నా ప్యాంటు తొడుక్కుని నలభై అడుగుల ఎత్తుకి వెళ్లిన మనిషి లోకంలో ఒక్కడే, మా అప్పలసూరి అన్న. ఆ ప్యాంటులో నేను ఎక్కిన ఎత్తంతా కలిపితే టాటానగర్ స్టేషన్లో ఓవర్ బ్రిడ్జి. అది కూడా మధ్యలో రెండుసార్లు ఆగి, బోర్డులు చదువుతున్నట్టు నటించి.

అప్పలసూరికి యాభై ఏడేళ్లు. సిద్ధగోరా కాలనీలో మా వెనక వరసలో ఉంటాడు. తాత మందస దగ్గర తాటిచెట్లు ఎక్కేవాడు. తండ్రి ఈ టాటానగర్ వచ్చి ఉక్కు కార్ఖానాలో ఖలాసీ అయ్యాడు. అంటే, మనుషులు మొయ్యలేని ఇనప సామాన్లని తాళ్లతో, కప్పీలతో ఎత్తి దించే పని. తాత ఎక్కడం, తండ్రి దించడం, రెండూ కలిసి ఇతని చేతికొచ్చాయి. రేకుల మీదికి వాలిన కొమ్మైనా, కరెంటు తీగల మధ్య ఇరుక్కున్న కొమ్మైనా, కింద తులసికుండీ కూడా కదలకుండా దించుతాడని పేరు. ముప్పై రెండేళ్లుగా అదే పని.

దించుతాడని రాశాను గాని, అది ఊరు అనుకునే మాట. ఎక్కేది, కోసేది అతను. దించేది సూరమ్మ వదిన. కొయ్యబోయే కొమ్మకి ముందే తాడు కట్టి, పైన ఒక గట్టి పంగ మీదుగా ఆ తాడుని కిందికి వదులుతాడు. కింద వదిన దాన్ని మాను చుట్టూ మూడు చుట్లు చుట్టి కొస పట్టుకుంటుంది. అతను కొమ్మకి అడుగున చిన్న గాటు పెట్టి, తరవాత పైనుంచి కోస్తాడు. అడుగు గాటు లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడంతా ఒలుచుకుపోతుంది. తెగిన కొమ్మ గాల్లో ఒక్కసారి ఊగి ఆగుతుంది. ఆ తరవాత సంగతంతా వదినది. చుట్లు కొద్దిగా వదులు చేస్తూ, చంటిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు దించుతుంది. ఒకసారి మా ఇంటి నేరేడు కొట్టేటప్పుడు, "చుట్లెందుకు వదినా, నా బరువు చాలదా?" అని తాడు నేనే పట్టుకున్నాను. ఆ తరవాత ఏమైందో మా ఆవిడ ఇప్పటికీ వచ్చేపోయే చుట్టాలందరికీ చెబుతోంది కనుక, నేను చెప్పక్కర్లేదు.

ఇద్దరూ పని మధ్యలో మాట్లాడుకోరు. వదిన ఎడమ అరచెయ్యి చుట్లకి పైన తాడు మీద ఆనించి ఉంటుంది. అతను ఒకసారి గుంజితే ఆగు, రెండుసార్లు గుంజితే బాగానే ఉన్నాను, కానివ్వు. అంతే. పేరు పెట్టి పిలవడం అసలే లేదు. చెట్టు మీద ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, పిలిచినా పలక్కూడదు. అది వాళ్ల తాతల నాటి పట్టింపు. తాటిచెట్టు మీద ఉన్న ఒకాయన్ని ఎవరో కిందినుంచి పేరుతో కేకేస్తే, "ఏటీ?" అని తల తిప్పాడట. ఆ తల తిప్పినవాడు మళ్లీ ఇంటికి రాలేదట.

ఈ ఏడాది మే నెలలో కొత్త రూలు వచ్చింది. కాలనీల్లో చెట్ల పని చేయించే కాంట్రాక్టు కంపెనీ వాళ్లు, కార్డు లేనివాడు చెట్టెక్కకూడదన్నారు. కార్డు కావాలంటే సోనారిలో పరీక్ష. బెల్టు, హెల్మెట్, బూట్లు వాళ్లే ఇస్తారు. ప్యాంటు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. లుంగీ కుదరదు. అప్పలసూరి జీవితమంతా లుంగీ ఎగ్గట్టి ఎక్కినవాడు. అలా నా ప్యాంటు రంగంలోకి దిగింది.

కాగితం నింపింది కూడా నేనే. "పాత గాయాలు ఏమైనా ఉన్నాయా?" అన్న గడి దగ్గర ఆగాను. ఉన్న సంగతి నాకు తెలుసు. ఆరు నెలలుగా అతను ఎడమచేత్తో తల దువ్వుకుంటున్నాడు. చొక్కా తొడుక్కోడానికి గోడకి జారబడుతున్నాడు. ముప్పై రెండేళ్లు రంపం లాగిన కుడి జబ్బ, ఇక నావల్ల కాదంటోంది.

"నేవని రాసీ తమ్ముడూ," అన్నాడు.

"అన్నా, చాలు కదా. ఇంక మానెయ్యకూడదా?"

ఎడమచేత్తో కుడి జబ్బ నిమురుకున్నాడు. తరవాత, "అలిసిపోనాను తమ్ముడూ, నీకాడ దాసీదేటుంది. రోజూ పొద్దున్నే సెట్టుని సూత్తే, దానికీ నేనంటే ఇసుగొచ్చేసినట్టుంటాది. కానీ మానేత్తే ఏటి సెయ్యాల? కిందన నిలబడ్డం నాకు రాదు," అన్నాడు.

వానల ముందు రెండు నెలల పనే వాళ్లకి ఏడాదంతా ఆధారం. ఈ కార్డు రాకపోతే ఆ రెండు నెలలూ లేనట్టే. 'లేవు' అని రాశాను. నా చేతిరాత చాలా బాగుంటుందని మా ఆఫీసులో పేరు. ఆ రెండక్షరాలు మరీ ముత్యాల్లా వచ్చాయి.

పరీక్షనాడు ముగ్గురం ఆటోలో బయల్దేరాం. అప్పలసూరి నా ప్యాంటు నడుముని రెండు మడతలు వేసి తాడుతో బిగించాడు.

"రాతిరంతా ఉప్పుమూట కాపడం ఎట్టాను," అంది వదిన, నాతో చెబుతున్నట్టు అతనికి చెబుతూ. "ఇప్పుడు సూడు, పెళ్లికొడుకునాగ ప్యాంటేసుకుని కూకున్నాడు."

"నోర్ముయ్యే. నాదేటి, తమ్ముడిది."

"అవును మరి. మనిద్దరం పట్టేలాగే ఉంది."

సోనారిలో ఒక పార్కు. మధ్యలో పెద్ద నిద్రగన్నేరు, పైన నలభై అడుగుల దగ్గర పంగకి ఎర్ర రిబ్బను. ఎక్కి దాన్ని ముట్టుకుని దిగాలి. పరీక్ష పెట్టే అబ్బాయి పేరు సౌరభ్, ముప్పై ఏళ్లుంటాయి. ఇంటిపేరు మన పలాస వైపుది. తెలుగులో అడిగితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం. చిన్న ఇసకసంచీ కట్టిన సన్నతాడుని విసిరి పై పంగ దాటించాడు. దాని వెనకే లావుతాడు లాగాడు. ఒక కొస ఎక్కేవాడి నడుం బెల్టుకి. రెండో కొస కింద పట్టుకునేవాళ్లకి. ఎక్కేవాడు జారితే కిందివాళ్లు ఆపాలి.

"నా తాడు నా మనిసే పట్టుకోవాల," అన్నాడు అప్పలసూరి.

సౌరభ్ వదినని పైనుంచి కింద దాకా చూశాడు. వదిన అతన్ని పట్టించుకోకుండా తాడు కొసని పక్కనున్న వేపమాను దగ్గరికి లాక్కెళ్లి మూడు చుట్లు చుట్టింది. చుట్టిన తీరు చూసి, సరేనన్నట్టు తలూపాడు.

బెల్టులు బిగిస్తూ సౌరభ్ రూళ్లు చదివాడు. అయిదేసి నిమిషాలకి ఒకసారి కిందినుంచి పేరు పిలుస్తారు. పైనున్నవాడు నోటితో జవాబివ్వాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే నిచ్చెన బండి వస్తుంది, పరీక్ష పోయినట్టే. అప్పలసూరి అన్నిటికీ కలిపి "హా జీ, హా జీ" అన్నాడు. ఒక్క ముక్కా విన్నట్టు లేదు. నేను విన్నాను. పేరు పిలవడం అనగానే నాకు వెలగాల్సింది. కానీ నా బుర్రంతా ఆ ప్యాంటు జారుతుందా, ఆగుతుందా అన్న దగ్గరే ఉంది.

ఎక్కడం మొదలుపెట్టాడు. అది చూడ్డానికి ఇప్పటికీ బాగుంటుంది. తొందర లేదు, తడబాటు లేదు. మొదటి కొమ్మ దాటాడు. కాలు పైకెత్తగానే ప్యాంటు జేబులోంచి ఏదో జారి, తిరుగుతూ తిరుగుతూ వచ్చి సౌరభ్ హెల్మెట్ మీద పడింది. అతను తీసి చూశాడు. తలకి రంగు వేసుకునే పొడి ప్యాకెట్. పార్కులో ఉన్న పాతికమందీ ఒకరి జుట్టు ఒకరు చూసుకుని, చివరికి నా దగ్గర ఆగారు. యాభై రెండేళ్లకి ఇంత నల్లటి జుట్టు మా వంశంలోనే ఉందని చెబుతూ వస్తున్నాను నేను. వదిన మొహం పక్కకి తిప్పుకుంది గాని, భుజాలు కదులుతున్నాయి.

"అప్పలసూరీ!" అని సౌరభ్ మొదటిసారి కేకేశాడు.

జవాబు లేదు.

"బాగున్నాడు సాబ్. తాడు రెండుసార్లు గుంజినాడు," అంది వదిన.

"తాడు కాదు ఆంటీ, నోటితో చెప్పాలి," అన్నాడతను హిందీలో. అట్ట మీద ఒక ఇంటూ మార్కు కొట్టాడు. అప్పుడు వెలిగింది నాకు. గబగబా పట్టింపు సంగతి చెప్పాను. విన్నాడు. పాపం, మర్యాదగానే విన్నాడు.

"పేరు కాకండా 'ఓయ్' అనండి సాబ్. పలుకుతాడు," అంది వదిన.

"కాగితంలో 'ఓయ్' లేదు ఆంటీ."

రెండో పిలుపు. జవాబు లేదు. తాడు రెండుసార్లు కదిలింది. రెండో ఇంటూ పడింది.

అప్పలసూరి రిబ్బను దగ్గరికి చేరాడు. కుడిచెయ్యి పైకెత్తాడు. సగంలో ఆగింది. దించి, మళ్లీ ఎత్తాడు. ఈసారి అంత కూడా లేవలేదు. కింద నిలబడ్డవాళ్లకి అతను పైనుంచి ఊరు చూస్తున్నట్టు కనిపించి ఉంటుంది. వదిన మొహం మాత్రం మారిపోయింది.

"బరువెక్కింది," అంది మెల్లిగా.

"ఏమిటి వదినా?"

"తాడు. మనిసి బరువంతా తాడు మీదికొచ్చీసింది."

సౌరభ్ గడియారం చూసుకుని మూడోసారి పిలిచాడు. ఆకు కదల్లేదు, తాడూ కదల్లేదు. సౌరభ్ మూడో ఇంటూ కొట్టాడు. నిచ్చెన బండికి ఫోను తీశాడు.

అప్పుడు సూరమ్మ వదిన తలెత్తి, గొంతు చించుకుని అరిచింది.

"అప్పలసూరీ!"

పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. రేషను కార్డు దగ్గర, ఆస్పత్రి చీటీ దగ్గర, ఓటు దగ్గర ఎక్కడ అడిగినా పక్కవాళ్ల చేత చెప్పించింది గాని, తన నోటితో ఆ పేరు అనలేదు. నేనే నాలుగైదుసార్లు చెప్పినవాణ్ణి.

పైనుంచి వెంటనే వచ్చింది జవాబు.

"ఎవర్తే అది, నా పేరెట్టి అరిసింది?"

"నానే! ఏటి సేత్తావు? దిగొచ్చి కొడతావా? దిగు మరి!"

ఏదో చిన్న విమానం సోనారి మైదానం మీదుగా వెళ్లిపోయింది. ఆ చప్పుడు పూర్తిగా పోయాక, పైనుంచి ఒక చిన్న గొంతు వినిపించింది. అది అప్పలసూరి గొంతేనని నమ్మడానికి నాకు కొంచెం టైం పట్టింది.

"దిగలేనే. సెయ్యి ఆడ్డం నేదు."

సౌరభ్ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నిచ్చెనొద్దు బాబూ, నాకొగ్గెయ్," అంది వదిన అతని వైపు చూడకుండానే. ఆ తరవాత పైకి, "కాళ్లు రెండూ మానుకి తన్నిపట్టు. కుర్సీలో కూకున్నట్టు ఎనక్కి కూకో. ఎడం సెయ్యి కూడా ఒగ్గెయ్."

"పడిపోతానే."

"ఇన్నేళ్లలో ఏ కొమ్మని పడీసేను?"

అతను చెయ్యి వదిలాడు. చెట్టు మీద ఉండగా రెండు చేతులూ వదలడం అతనికి అదే మొదటిసారి అనుకుంటాను. గాల్లో ఒక్కసారి ఊగాడు. వదిన చుట్లు కొద్దిగా వదులు చేసింది. ఒక జానెడు. ఇంకో జానెడు. మధ్యలో ఒక కొమ్మ అడ్డొస్తే ఆపి, ఊగడం ఆగేదాకా చూసి, మళ్లీ వదిలింది. నా ప్యాంటు ఒక కాలు మడత విప్పుకుని జెండాలా వేలాడుతోంది. ఎవరూ నవ్వలేదు. నేల మీదికి ఎలా దించిందంటే, కింద రాలిన గులాబీరంగు పూలలో ఒక్కటైనా నలిగి ఉండదు.

అప్పలసూరి వేరు మీద కూర్చున్నాడు. హెల్మెట్ తియ్యడానికి కుడిచెయ్యి లేవలేదు. వదిన తీసింది. "పేరెట్టి పిలిసీసినావు," అన్నాడు. కోపం కాదు, ఇంకేదో. "నేకపోతే పలికీవోడివా?" అంది ఆమె, చెంగుతో అతని మెడ తుడుస్తూ.

సౌరభ్ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. 'లేవు' అన్న రెండక్షరాల మీద వేలు పెట్టి, ఎవరి రాత అని అడిగాడు. ఇందాకటి ప్యాకెట్ ఇంకా అతని చొక్కా జేబులోనే ఉంది. నాదేనన్నాను. ఆ రెండక్షరాలూ కొట్టేసి, పక్కన ఏదో రాశాడు. ఎక్కే కార్డు ఇవ్వలేనన్నాడు అప్పలసూరితో. "చాచా, ముందు ఆ జబ్బ డాక్టరుకి చూపించండి."

అప్పలసూరి తలూపాడు. బతిమాలతాడనుకున్నాను. ఎంత తేలిగ్గా తలూపాడంటే, ఆ మాట ఎవరైనా అనాలని ఆరు నెలలుగా చూస్తున్నట్టు.

సౌరభ్ అట్టలోంచి ఇంకో కాగితం తీశాడు. కింద తాడు పట్టేవాళ్లకి కూడా కార్డు కావాలట. పొద్దుటినుంచి తొమ్మిది మంది వచ్చారట, ఇలా దించినవాళ్లు ఒక్కరూ లేరట. "ఆంటీ, మీ పేరు?"

"సూరమ్మ," అంది. ఈ పేరు చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

తిరుగు ఆటోలో అప్పలసూరి తాడు చుట్ట మీద తల పెట్టి సిద్ధగోరా దాకా నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ప్యాంటు మూడోనాడు ఉతికి, మడతపెట్టి ఇచ్చాడు.

తరవాతి సోమవారం అగ్రికో కాలనీలో పని. చూడ్డానికి వెళ్లాను. పైన ఎవరో పాతికేళ్లవాడు. కింద వదిన, మెడలో కార్డు, మానుకి మూడు చుట్లు, ఎడమ అరచెయ్యి తాడు మీద. ఆమెకి కొంచెం అవతల అప్పలసూరి, లుంగీలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తున్నాడు.

"అక్కడ కాదయ్యా," అంది వదిన, తాడు మీంచి చూపు తిప్పకుండా. "కొమ్మ నీ నెత్తిమీదకే వత్తాది. ఇటు, నా ఎనక్కి రా."

అతను ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూసి, రెండడుగులు జరిగాడు.

"ఇక్కడా?"

"ఇంకా ఇటు."